చీపురు ఎవరి వంతు?

ఒక పల్లెటూరి ప్రాథమిక పాఠశాలలో నేను చాలా ఏండ్లు పంతులమ్మగా పనిచేశాను. రెండు గదులు, ఒక వరండా, ముందు వేపచెట్టు. అయిదు తరగతులకు ఇద్దరము టీచర్లము. ఊడ్చుటకు, నీళ్లు పట్టుటకు వేరే మనిషి లేరు గనుక ఆ పనులు పిల్లలే చేసేవారు. పల్లె బడిలో చదివిన చదువరులకు ఇది కొత్త సంగతి కాదు.

1998వ సంవత్సరము, ఈస్టరు మరుసటి సోమవారము. తెల్లవారితే అంబేద్కర్ జయంతి గనుక ఆయన బాల్యమును గురించి పిల్లలకు చెబుతున్నాను. సాతారా బడిలో ఆయన ఇంటినుండి తెచ్చుకున్న గోనెపట్టా వేసుకొని విడిగా కూర్చునేవారు. సాయంత్రము దానిని మళ్లీ ఇంటికి తీసుకుపోవాలి, ఎందుకంటే బడి ఊడ్చే మనిషి కూడా దానిని ముట్టడు. దాహమైతే కుళాయి తాను తిప్పుకోరాదు, బంట్రోతు వచ్చి తిప్పాలి. బంట్రోతు లేకపోతే నీళ్లు లేవు.

పిల్లలు కదలకుండా విన్నారు. అప్పుడు నాల్గవ తరగతి పిల్ల ఒకతె, ఊరికి దిగువనున్న మా పేట పిల్లే, లేచి అడిగింది: "మరి మన బడి ఎప్పుడూ మేమే ఊడుస్తాం గదా టీచరమ్మా?"

ఎదిరించినట్లు కాదు. లెక్క తెలియక అడిగినట్లే అడిగింది.

నేను ఆ పేటలో పుట్టినదానను. చిన్నతనములో నా చేతికీ చీపురే ఇచ్చారు. అటువంటి నేను భేదము చూపుతానా? ఆ రాత్రి పడుకొని ఒక్కొక్కటే లెక్క వేసుకున్నాను. చీపురు పేట పిల్లలకు. నీళ్ల బిందె రైతుల పిల్లలకు. సుద్దముక్కలు, హాజరు పట్టీ తెచ్చేదీ వాళ్లే. ఉదయము ప్రతిజ్ఞ చెప్పించేదీ వాళ్లే. మన తెలుగువారు పైడిమర్రి వెంకట సుబ్బారావుగారు 1962లో వ్రాసిన ఆ ప్రతిజ్ఞలో దేశములోని వారందరము తోబుట్టువులమని ఉన్నది. సండే స్కూలులో యాకోబు పత్రిక రెండవ అధ్యాయము, ధనవంతునికొక చోటు, దరిద్రునికొక చోటు చూపరాదన్న మాట, ఎన్నిసార్లు నేర్పించానో!

మన పిల్లలే గదా అని చనువుతో పని చెబుతున్నానని అనుకునేదానను. నిజానికి అందులో ఎక్కువ పాలు భయమే. రైతు బిడ్డకు చీపురిస్తే వారి పెద్దలు ఏమంటారో అని.

జూన్‌లో బడి తెరవగానే హాజరు పట్టీలోని నంబర్ల ప్రకారము అన్ని పనులకూ వంతులు వేసి గోడకు అంటించాను. మొదటి వంతు నాదే. రెండవ రోజే ఒక పెద్దమనిషి వచ్చి, "ఏమమ్మా పంతులమ్మా, మావాణ్ణి చీపురు పట్టడానికా బడికి పంపింది?" అన్నాడు. నా చేతిలో చీపురు అలాగే ఉన్నది. "ఈ రోజు నా వంతండి. మీ అబ్బాయిది గురువారం," అన్నాను. ఆ గురువారము పిల్లవాడు రాలేదు. నెల తిరగకముందే టౌనులోని కాన్వెంటులో చేర్చారు. తెలివైన బిడ్డ, ఇప్పటికీ నాకు మనసులో కలుక్కుమంటుంది. తోటి టీచరుగారు నాతో కొన్నాళ్లు ముభావముగా ఉన్నారు.

బిందె సంగతి ఇంకా కష్టమైనది. పేట పిల్లలు నీళ్లు పట్టిన రోజున కొందరు దాహముతోనే ఇంటికి పోయేవారు. కొందరు సీసాలు తెచ్చుకున్నారు. సీసాలు మానడానికి ఏడాది పట్టింది. 2003లో మధ్యాహ్న భోజనము వచ్చినప్పుడు మాత్రము పంక్తిలో ఎవరు ఎక్కడ కూర్చోవాలన్న తగవు మా బడిలో రాలేదు. 2010 ఏప్రిల్ 1 నుండి అమలైన విద్యాహక్కు చట్టము బడిలో బలహీన వర్గాల బిడ్డలకు వివక్ష జరుగరాదని చెబుతున్నది, మంచిదే. అయితే చీపురు ఎవరి చేతిలో ఉన్నదో చూడటానికి ఇన్‌స్పెక్టరుగారు తెల్లవారకముందే రారు గదా.

ఒక సంగతి చెప్పడం మరచాను. ఆ మొదటి పట్టికలో ఒక నంబరు వదిలేశాను. పోలియో వచ్చి కాలు సన్నబడిన పిల్లవాడిది. పాపమని. మూడవ రోజున వాడు గోడ పట్టుకొని వచ్చి, "నా నంబరు లేదు టీచరమ్మా," అన్నాడు. గంట కొట్టే పని ఇచ్చాను. వారము రోజులు కొట్టి, "ఇది ఒక్కటేనా?" అన్నాడు.

వరండాలో కూర్చొని, చేయి అందినంత మేర ఊడ్చాడు. మిగతాది పక్క నంబరువాడు ఊడ్చాడు.