ప్రాణహిత ఒడ్డు ఎముకలు

వేసవి సెలవులలో ఒకనాడు మనుమలిద్దరినీ నాకు అప్పగించి మా అమ్మాయి ఆఫీసుకు వెళ్ళింది. మనుమడికి ఏడేళ్ళు, మనుమరాలికి నాలుగున్నర. ఇంట్లో ఉంటే టీవీ, లేకుంటే ఫోను. ఆ రెండింటితోనూ నాకు పొసగదు. అందుచేత పులిహోర డబ్బా, రెండు నీళ్ళ సీసాలు సంచిలో వేసుకొని, పిల్లలను ఆటో ఎక్కించి, హైదరాబాదు నౌబత్ పహాడ్ మీది బిర్లా సైన్సు మ్యూజియానికి బయలుదేరాను. పక్కనే పాలరాతి గుడి ఉన్నది కదా, పనిలో పనిగా వేంకటేశ్వరుని దర్శనం కూడా అవుతుందని లోపల నా స్వార్థం. (గుడికి వెళ్ళనే లేదు. చిన్నది నా భుజం మీద నిద్రపోయింది. ఆ బరువుతో మెట్లెక్కే వయసు దాటిపోయింది.)

కింది అంతస్తులలో మీటలు నొక్కితే తిరిగేవీ, వెలిగేవీ చాలా ఉన్నాయి. వాటి సంగతి పిల్లలే చూసుకొన్నారు. నేను చెప్పదలచినది 2000వ సంవత్సరంలో అక్కడ తెరిచిన డైనోసారియం గురించి. ఆ గదిలో అడుగు పెట్టగానే చిన్నది నా పంచె పట్టుకొన్నది. ఎదుట గోధుమరంగు ఎముకల కొండ నాలుగు కాళ్ళ మీద నిలబడి ఉన్నది.

"ఇదిగో, రాక్షసబల్లి!" అన్నాను, బడిలో బొమ్మ చూపే అలవాటు చొప్పున.

"రాక్షసి కాదు తాతయ్యా. ఇది ఆకులే తింటుంది" అన్నాడు మనుమడు.

ముప్పై నాలుగేళ్ళు ఇతరుల మాటలు దిద్దినవాణ్ణి, ఏడేళ్ళవాడి చేత దిద్దించుకొన్నాను. వాడిదే న్యాయం. 1842లో రిచర్డ్ ఓవెన్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు గ్రీకు మాటలు రెండు సంధించి 'భయంకరమైన బల్లి' అని అర్థం వచ్చేటట్లు ఆ జాతికి పేరు పెట్టాడు. మనవాళ్ళు భయంకర శబ్దాన్ని ఇంకొక మెట్టు ఎక్కించి రాక్షసత్వం అంటగట్టారు. పాపం, చెట్ల ఆకులు తిని బ్రతికిన సాధుజంతువుకు ఎంత నింద!

దీని అసలు పేరు కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్. నోరు తిరగని ఆ పేరులో రెండు మన ఊళ్ళే దాగి ఉన్నాయి. ఒకటి కోట, ప్రాణహిత ఒడ్డున సిరొంచ వైపు ఉన్న పల్లె. ఆ ప్రాంతపు రాతిపొరలకు భూగర్భ శాస్త్రజ్ఞులు ఆ ఊరి పేరే పెట్టారు. రెండవది ఉమ్మడి ఆదిలాబాదు జిల్లాలోని యామన్‌పల్లి. ఎముకలు దొరికినది అక్కడే. 1988లో పి. యాదగిరి గారు దీనిని కొత్త జాతిగా ప్రకటించారు. వయసు 18 కోట్ల ఏళ్ళకు అటూ ఇటూ. అవే రాతిపొరలలో దొరికిన ఇంకొక పెద్ద జంతువు కలకత్తాలోని భారతీయ గణాంక సంస్థలో నిలబడి ఉన్నది. దానికి 1975లో బరపాసారస్ టాగోరై అని నామకరణం చేశారు. 'బరపా' అంటే వంగభాషలో పెద్దకాలు, 'టాగోరై' సాక్షాత్తు రవీంద్రుడు. వాళ్ళు ఎముకలకు సైతం కవి పేరు పెట్టుకొన్నారు. మనకు పోతన గుర్తుకు రాలేదు. తెలుగు పంతులుకు ఇటువంటి అసూయలు సహజం, మన్నించండి.

మనుమడు తల నుండి తోక కొస దాకా కటకటాల వెంట అడుగులు లెక్కించాడు. వెళ్ళేటప్పుడు ముప్పై రెండు, వచ్చేటప్పుడు ఇరవై తొమ్మిది. నేను వాడికి తెలిసినంత చెప్పాను. ఈ ఎముకలన్నీ ఒక్క జంతువువి కావు. కనీసం పన్నెండింటివి కలగాపులగంగా ఒకేచోట దొరికాయి. వాటిని కూర్చి ఒక్కటిగా నిలబెట్టారు. పళ్ళు రెండు దొరికాయే కాని తల దొరకలేదు. పైన కనబడే తల ఊహించి చేసినది.

"అయితే తల అబద్ధమా?"

"అబద్ధం కాదు నాయనా, ఊహ."

ఆ తేడా వాడికి రుచించలేదు. కొంతసేపు ఆగి, "అక్కడికే ఎట్లా వచ్చాయి, పన్నెండూ?" అన్నాడు. ఏరు తెచ్చిన మట్టి కప్పిందనీ, మట్టి రాయి అయిందనీ, ఎముక కూడా రాయి అయిందనీ చెప్పి, "ఇప్పుడక్కడ పారే నది ప్రాణహిత. అది దిగువన కాళేశ్వరం దగ్గర గోదావరిలో కలుస్తుంది" అన్నాను. భూగోళం చెప్పాననుకొన్నాను. నోరు జారానని మరుక్షణంలో తెలిసింది.

"అమ్మమ్మను తీసుకుపోయిన కాళేశ్వరమేనా?"

మా ఇంటావిడ పోయి అప్పటికి రెండేళ్ళు. పిల్లలకు 'దేవుడి దగ్గరకు వెళ్ళింది' అని మాత్రమే చెప్పాము. మిగతాది చెప్పవద్దని మా అమ్మాయి గట్టిగా అన్నది. కాని పెద్దల మాటలు వాడు ఎక్కడో విన్నాడు. అడిగినదానికి లేదనడం నాకు చేతకాలేదు. అవునన్నాను.

"మట్టి కప్పుకుంటే అమ్మమ్మవి కూడా తవ్వితే దొరుకుతాయా?"

దొరకవన్నాను. మనం కాలుస్తాము, మిగిలేవి చిన్న చిన్న తెల్లని ముక్కలు, వాటిని నీళ్ళు తీసుకుపోతాయి అన్నాను. వాడు ఏడవలేదు. ఎముకల వైపే చూస్తూ ఉన్నాడు. అంతవరకు పంచె పట్టుకొని ఉన్న చిన్నది తలెత్తి, "మరి అమ్మమ్మ తల ఎవరు చేస్తారు?" అన్నది. పక్కన నిలబడిన దంపతులు మా వైపు తిరిగి చూశారు. నేను పిల్లలిద్దరినీ బయటికి తీసుకువచ్చి, నీడ చూసి కూర్చోబెట్టి, పులిహోర డబ్బా తెరిచాను. వాళ్ళు తిన్నారు. నాకు ముద్ద దిగలేదు.

రాత్రి భోజనాల దగ్గర వాడు సంగతంతా తల్లికి అప్పగించాడు. పన్నెండు జంతువులు, దొరకని తల, ప్రాణహిత, కాళేశ్వరం, తెల్లని ముక్కలు, ఒక్కటీ వదలలేదు. ఆమె చేయి కంచంలోనే ఆగిపోయింది. కోపగిస్తుందని తల వంచుకొన్నాను. ఏమీ అనలేదు. పిల్లలను పడుకోబెట్టి వచ్చి నా మంచం పక్కన నేల మీద కూర్చున్నది.

మా వైపు ఆడపిల్లలను శ్మశానానికి రానివ్వరు. అస్థి సంచయనానికి నేనూ మా తమ్ముడూ వెళ్ళాము. కుండకు గుడ్డ కట్టి ఇంటికి తేకుండా అట్నుంచి అటే కాళేశ్వరం తీసుకువెళ్ళాము. ఒకే పానవట్టం మీద రెండు లింగాలున్న ఆ గుడి ముందు నిలబడి, తరువాత సంగమంలో మోకాటి లోతు నీళ్ళలో దిగి, ఆ కుండ వదిలినది నేనే. తిరిగి వచ్చాక ఆమె ఏమీ అడగలేదు. నేనూ చెప్పలేదు.

"ఎట్లుండె బాపూ?" అన్నది.

మా ఇంటావిడ కుడిచేతికి ఎప్పుడో బావి దగ్గర జారిపడి దెబ్బ తగిలింది. ఆ చేతి ఎముక ముక్క ఒకటి నేను గుర్తుపట్టాననుకొన్నాను. నిజమో, నా ఊహో. మొదట అది చెప్పాను. తరువాత నీళ్ళు ఎంత చల్లగా ఉన్నాయో చెప్పాను. ఇద్దరమూ పడుకొనేసరికి ఒంటిగంట దాటింది.