గడ్డివాము చాటు అంబాసిడర్!

తాత కొన్నాడు. తండ్రి నడిపాడు. ఆ తర్వాత టార్పాలిన్ కింద నిద్రపోయింది. ఇప్పుడు మనవడొచ్చి తాళాలిమ్మంటున్నాడు. గోదావరి డెల్టాలో ఓ పాత కారుని మొదటి కారుగా చేసుకోవాలంటే ఏం చూడాలి? ఏం మార్చుకోవాలి? అన్నిటికన్నా ముఖ్యంగా... ఏం మార్చకూడదు?

రావులపాలెం దాటి అమలాపురం దారి పట్టాక, మెయిన్ రోడ్డు వదిలి ఏదో ఒక కాలువ గట్టు వెంట లోపలికి వెళ్తే చాలు... కొబ్బరి తోటలు, వాటి నడుమ మండువా లోగిళ్లు. లోగిలి పక్కన పశువుల పాక, పాకని ఆనుకుని గడ్డివాము. ఆ గడ్డివాము చాటున ఒక్కోసారి గుండ్రటి వీపొకటి కనిపిస్తుంది. పైన చిరిగిన టార్పాలిన్. గాలిపోయి నేలకు కరుచుకున్న టైర్లు. వెనక సీట్లో గుడ్లు పొదుగుతున్న కోడి. అదే అంబాసిడర్!

ఒకప్పుడు దాని దర్జా ఇంతా అంతా కాదు. ఊళ్లో ఎవరింట పెళ్లైనా పూలదండలు చుట్టుకుని ముందు నిలబడేది. నొప్పులొచ్చిన కోడలిని అర్ధరాత్రి పెద్దాసుపత్రికి చేర్చేది. వంతెన లేని రేవుల్లో పంటెక్కి గోదారి దాటేది. నెంబరు చూస్తే చాలు, ఏ గట్టుదో తెలిసిపోయేది. ఏపీ 5 అయితే తూర్పు, ఏపీ 37 అయితే పశ్చిమ. 2019లో రాష్ట్రమంతటికీ కలిపి ఏపీ 39 వచ్చాక కొత్త బండ్లకు ఆ ఊరి గుర్తు పోయింది. పాత ప్లేటు మీద మాత్రం అలాగే మిగిలింది.

సంక్రాంతికి హైదరాబాదు నుంచి వచ్చిన మనవడి కన్ను సరిగ్గా అక్కడే పడుతుంది. అప్పుడు చాలా ఇళ్లలో మాటలు ఇలాగే సాగుతాయి.

''తాతయ్యా, ఆ కారు నాకిచ్చెయ్యండి. బాగుచేయించుకుంటా.''

''ఆ డబ్బుతో కొత్తదే వస్తుంది కదరా అబ్బాయ్!''

''కొత్తది ఎవరైనా కొనుక్కుంటారు తాతయ్యా...''

ఇంట్లో కారు లేని కుర్రాళ్లు పక్కింటి గేటు తడతారు. ''బాబాయ్ గారూ, ఆ కారేమైనా అమ్ముతారాండీ?'' అంటే, ''ఇనప కొట్టువాడు రెండుసార్లు అడిగాడండీ. ఇవ్వబుద్ధి కాలేదు'' అన్న జవాబొస్తుంది. ఇవ్వబుద్ధి కాకపోవడంలోనే ఉంది అసలు సంగతి. ఆ కుర్రాడు కొంటున్నది ఇనుము కాదు, ఇంకో ఇంటి జ్ఞాపకం.

ఏది నయం?

మనసు లాగిన కారుకీ చేతికి అందే కారుకీ తేడా ఉంటుంది. పశ్చిమ బెంగాల్లోని ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ అంబాసిడర్ తయారీని 1950ల చివర్లో మొదలుపెట్టింది. బ్రిటన్‌ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ దాని మూలం. 2014 మేలో ఉత్పత్తి ఆగేదాకా పైరూపం పెద్దగా మారలేదు. కొత్తవాళ్లకు అదే వరం. ఎన్నో ఏళ్లు టాక్సీగా తిరిగిన బండి కాబట్టి దాని ఒళ్లు తెలిసిన మేస్త్రీలు ఇంకా ఉన్నారు. 1990ల ఆరంభంలో ఇసుజు 1,800 సీసీ ఇంజిన్‌తో వచ్చిన రకం నేటి రోడ్లకు సుఖం. స్టీరింగ్ పక్కనే గేరున్న పాతవాటికి అందమెక్కువ, ఓపికా ఎక్కువే కావాలి.

మన జనం 'ఫియట్' అని పిలుచుకునే ప్రీమియర్ పద్మిని 1,089 సీసీల చిన్న బండి. సన్నటి కాలువ గట్ల మీద తిప్పుకోవడానికి హాయి. ముంబయిలో టాక్సీగా 2023 అక్టోబరు దాకా తిరిగింది. ఇక కాంటెస్సా. 1984లో వచ్చి 2002లో ఆగింది. 2018లో వచ్చిన 'టాక్సీవాలా' సినిమా చూసి దాని మీద మనసు పడ్డ కుర్రాళ్లున్నారు. విడిభాగాలు దొరకడం మాత్రం కష్టం. అసలే మొదటి కారు, చేతిలో సొమ్ము అంతంతమాత్రం అనుకుంటే 1983లో పుట్టిన మారుతి 800 ఉండనే ఉంది. చిన్న ఊళ్లో మెకానిక్కు కూడా కళ్లు మూసుకుని విప్పి బిగించేస్తాడు.

నీళ్లే శత్రువు

డెల్టాకు అన్నం పెట్టేదీ నీరే, కార్లను తినేసేదీ నీరే! అంతర్వేది నుంచి కాకినాడ దాకా ఉప్పుగాలి. ఊరి నిండా చెమ్మ. అందుకే ఇక్కడ పాత కారు చూడ్డానికి వెళ్లేవాళ్లు ముందు ఇంజిన్ కాదు, రేకు చూడాలి. అంబాసిడర్‌కు లారీలా విడిగా ఛాసిస్ ఉండదు. ఒళ్లంతా ఒకే గూడు. నేల రేకు తుప్పుపడితే వెన్నెముక విరిగినట్టే.

మ్యాట్లు ఎత్తాలి. డిక్కీలో స్టెపినీ తీసి అడుగు చూడాలి. తలుపుల కింద గడపలా ఉండే పట్టీని, వెనక కమాన్ కట్టలు బిగించిన చోట్లని స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడాలి. మెత్తగా దిగబడితే అనుమానించాల్సిందే. పైన పెయింటు నిగనిగలాడుతోందని మురిసిపోతే మోసపోయినట్టే. గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతాన్ని ఒళ్లంతా జరిపితే గుట్టు బయటపడుతుంది. అది అంటుకోని చోట ఉన్నది రేకు కాదు, పుటీ!

రెండో ప్రశ్న - వరదప్పుడు ఈ కారు ఎక్కడుంది? 1986 ఆగస్టు వరదని, 1996 నవంబరు తుపానుని, 2022 జులై వరదని చూసిన నేల ఇది. లంక గ్రామంలో నిలిచిన బండైతే సీట్ల పట్టాల్లో, తలుపుల లోపల, హెడ్‌లైట్ల గిన్నెల్లో ఒండ్రు దొరుకుతుంది. ఇంజిన్లో ఆయిలు పోసే మూత విప్పితే పాలమీగడలాంటి జిగురు కనిపించిందా... ఆయిల్లో నీళ్లు చేరాయన్నమాట. స్టార్టయ్యాక పొగ నీలంగా వస్తే ఆయిలు కాలుతున్నట్టు, ఇంజిన్‌కి పని పడినట్టే. ఇంజిన్ పని చేయించుకోవచ్చు. కుళ్లిన గూడుని నిలబెట్టడం కష్టం.

కాగితాలు మాట్లాడాలి

కారు బాగుంది కదాని బేరం ముగిస్తే సరిపోదు. ఆర్‌సీలోని ఇంజిన్, ఛాసిస్ నెంబర్లు బండి మీద ఉన్నవాటితో అచ్చుగుద్దినట్టు కలవాలి. అసలు యజమాని కాలం చేసి, బండి ఇంకా ఆయన పేరునే ఉండటం పల్లెల్లో మామూలే. అలాంటప్పుడు వారసుల పేరున ఫారం 31తో మార్పించాలి. అమ్మకమైతే ఫారం 29, ఫారం 30 కావాలి. సొంత కారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లకు తీరిపోతుంది. ఆ తర్వాత అయిదేళ్లకోసారి ఫిట్‌నెస్ చూపించి పొడిగించుకోవాలి. పాత బండ్ల రుసుములు 2022 ఏప్రిల్లో ఓసారి, 2025 ఆగస్టులో మరోసారి పెరిగాయి. గడువు ఎన్నేళ్ల కిందట తీరిందో తెలుసుకోకుండా బయానా ఇవ్వడం తెలివైన పని కాదు.

యాభై ఏళ్లు దాటి, అసలు రూపం చెదరని కార్లకు 2021 జులైలో కేంద్రం ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. 'వీఏ' అక్షరాలతో వేరే నెంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000 రూపాయలు. కాకపోతే ఆ కారుని రోజూ ఆఫీసుకి నడపడానికి వీల్లేదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతులకు, ఇంధనం పోయించుకోవడానికి మాత్రమే రోడ్డెక్కాలి.

చెవితో వైద్యం

కొన్న ధరకన్నా బాగుచేయించే ఖర్చే తరచూ ఎక్కువవుతుంది. అందుకే వరస ముఖ్యం. ముందు బ్రేకులు, స్టీరింగు. తర్వాత ఇంజిన్. ఆ తర్వాత వైరింగు. అన్నిటికన్నా చివర పెయింటు. కుర్రాళ్లు ఎక్కువగా తిరగేసేది ఈ వరసనే! రంగు కొట్టించేసరికి చేతిలో డబ్బులైపోతాయి. మెరిసే కారు, ఆగని కారు మిగులుతుంది.

టింకరింగు పని రాజమండ్రిలో కాకపోతే విజయవాడ జవహర్ ఆటోనగర్లో అవుతుంది. దొరకని భాగాల కోసం చెన్నై పుదుపేటకో కోల్‌కతా మల్లిక్ బజార్‌కో కబురు పంపాలి. కానీ కార్బురేటర్‌ని చెవితో విని సరిచేసే మేస్త్రీ దొరకడం అన్నిటికన్నా అరుదు. ఆ తరం తలలు నెరిశాయి. షెడ్డులో పక్కన నిలబడి ''ఇదెందుకండీ మేస్త్రీ గారూ?'' అని అడిగే కుర్రాడు కారుతోపాటు ఆ విద్యనీ కొంత ఇంటికి తెచ్చుకుంటాడు. ఇప్పటి పెట్రోలులో ఇథనాల్ పాలు ఎక్కువ. పాతకాలపు రబ్బరు పైపులు దానికి పాడవుతాయి, కాబట్టి వాటిని మార్పించడం తప్పనిసరి. బండిని నెలల తరబడి కదపకుండా ఉంచేస్తే ట్యాంకులో చెమ్మ చేరుతుంది. వారానికోసారైనా కాలువ గట్టు దాకా తిప్పాల్సిందే.

సోకులు ఎంతవరకు?

ఇక అందరూ ఎదురుచూసే ఘట్టం... సింగారం! వెడల్పాటి చక్రాలు, గుండెలదిరే సైలెన్సరు, పైకప్పు కోసి అద్దం... ఊహలకేం తక్కువ? కానీ 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన రూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చడం కుదరదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట గట్టిగా చెప్పింది. రంగు మార్చినా ఆర్‌సీలో ఎక్కించుకోవాలి.

మరి సరదా ఎలా తీరేది? సూత్రం ఒక్కటే. రేపు వద్దనుకుంటే విప్పేసి పాతది పెట్టుకోగలిగిన మార్పులే చేయాలి. డ్యాష్‌బోర్డు కోసి తెర బిగిస్తే ఆ రేకు మళ్లీ రాదు. పాటల పెట్టెను గ్లోవ్ బాక్సులో దాచుకుంటే ఎప్పుడైనా తీసేయొచ్చు. వెనక అద్దానికి తెరలు, డ్యాష్‌బోర్డు మీద చిన్న ఫ్యాను... అంబాసిడర్ అసలు సోకులు ఇవే కదా! కుంగిపోయిన సీట్లలోకి అంబాజీపేట కొబ్బరి పీచు నింపించి, మంచి నూలు గుడ్డ తొడిగితే కోనసీమ కారుకి అంతకన్నా సొంత ముద్ర ఏముంటుంది? సీటు బెల్టులు మాత్రం సోకు కాదు, ప్రాణానికి భరోసా. ముందు అవి.

తాతయ్య తలుపేసిన చప్పుడు

అన్నీ అయ్యాక ఓ ఉదయం బండి గేటు దాటుతుంది. ధవళేశ్వరం బ్యారేజీ మీద యాభై దాటని వేగం. ఒక పక్క నిండు గోదారి, ఇంకో పక్క ఇసుక తిన్నెలు. వెనక నుంచి హారన్ కొడుతూ వచ్చిన కొత్త కార్లు దాటిపోతూ ఓసారి నెమ్మదిస్తాయి. టీ కొట్టు దగ్గర ఆపితే నలుగురు పెద్దాళ్లు చుట్టూ చేరతారు. ''మా పెళ్లికి ఇలాంటిదేనండీ...'' అని ఒకరు మొదలుపెడతారు.

ముందు సీట్లో తాతయ్య ఏమీ అనడు. తలుపు లాగి వేసుకుంటాడు. దబ్బుమన్న ఆ పాత చప్పుడు విని చిన్నగా నవ్వుతాడు. మనవడు ఏదీ పాడుచేయలేదని ఆయనకు తెలియడానికి ఆ ఒక్క చప్పుడు చాలు.

ఇంటి దగ్గర గడ్డివాము చాటున మాత్రం చిన్న చిక్కొచ్చి పడింది. కోడికి కొత్త చోటు చూడాలి!