ఎవరి చేతికి ఏ శిక్షణ?

ఫిబ్రవరిలో గుంటూరు నుంచి చిలకలూరిపేట దాకా హైవే మీద వెళ్తే రెండు పంటలూ ఒకేసారి కంటబడతాయి. కళ్లాల్లో మిరపకాయ ఆరుతుంటుంది. జిన్నింగ్ మిల్లుల గేట్ల ముందు ఆఖరి తీతల పత్తితో ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి. పనివాళ్లకు శిక్షణ ఇప్పించాలనుకునే యజమాని దేనికి డబ్బు పెడతాడు, దేన్ని వద్దనుకుంటాడు అన్నది తెలుసుకోవాలని ఆ దారిలో ఒక మిల్లుకు వెళ్లాను.

మేనేజరుగారి బల్ల మీద కరపత్రాల కట్ట ఉంది. నాయకత్వ లక్షణాలు, ఒత్తిడిని జయించడం, కంప్యూటర్ లెక్కలు, భద్రత, ఇంగ్లీషు మాట్లాడటం. ‘‘అన్నీ మంచివేనండీ. అన్నిటికీ పంపితే మిల్లు నడిపేదెవరు? ముందు లోపలికి రండి, పోయేది ఎక్కడ పోతోందో చూపిస్తాను’’ అంటూ లేచారు.

షెడ్డులో అటూ ఇటూ రెండు వరసల జిన్ను యంత్రాలు. పక్కమనిషితో మాట్లాడాలంటే చెవిలో అరవాలి. ఒక్కో యంత్రంలో తోలు రోలర్లు రెండుంటాయి. అవి దూదిని పట్టి లోపలికి లాగుతాయి. రోలరుకు ఒత్తుకుని ఉన్న కత్తి గింజను అడ్డుకుంటే, కిందా మీదా ఊగే ఇంకో కత్తి దాన్ని కొట్టి రాలుస్తుంది. పనంతా ఆ కత్తుల అమరిక మీదే ఉంది. ఒత్తిడి ఎక్కువైతే రోలరు వేడెక్కి త్వరగా అరుగుతుంది. తక్కువైతే దూది గింజకే అంటుకుని పోతుంది. అమరిక తప్పితే గింజలు తెగి, ఆ పెంకు ముక్కలు దూదిలో కలుస్తాయి. అప్పుడు స్పిన్నింగ్ మిల్లు నుంచి ఫిర్యాదు వస్తుంది.

‘‘శబ్దం మారితే తెలిసిపోద్ది సార్’’ అన్నాడు ఫిట్టరు. పాతిక మంది కంటే ముందు అతని చెవికే తెలుస్తుందని మేనేజరుగారూ ఒప్పుకున్నారు. అయితే ఆ చెవికి పట్టుబడనిది ఒకటుందని ఆఫీసులోకి వచ్చాక కాగితం మీద లెక్క వేశారు. రోజుకు 500 క్వింటాళ్ల పత్తి ఆడే మిల్లులో, క్వింటాలుకు అరకిలో దూది గింజతోపాటు పోయిందనుకుందాం. రోజుకు 250 కిలోలు. బేలు 170 కిలోలు కాబట్టి దాదాపు ఒకటిన్నర బేలు దూది, గింజ ధరకే అమ్ముడుపోతోందన్నమాట.

ముంబయిలోని కేంద్ర పత్తి సాంకేతిక పరిశోధన సంస్థకు నాగపూర్‌లో జిన్నింగ్ శిక్షణ కేంద్రం ఉంది. కత్తుల అమరిక, రోలరుకు గాళ్లు కోయడం, యంత్రాల మరమ్మతు అక్కడ యంత్రం ముందు నిలబెట్టి నేర్పుతారు. 2000లో కేంద్రం పత్తి టెక్నాలజీ మిషన్ మొదలుపెట్టాక దేశమంతటా వందలాది మిల్లులు కొత్త యంత్రాలకు మారాయి. వాటి దగ్గర నిలబడ్డవాళ్లలో మాత్రం చాలామంది పాత మేస్త్రీ దగ్గర చూసి నేర్చుకున్నవాళ్లే. కట్టలోని కరపత్రాలన్నీ పక్కన పెట్టి ఈ మిల్లు ముందు ఒక్క ఫిట్టరును నాగపూర్ పంపింది.

నాకు నచ్చింది ఆ తర్వాత చేసిన పని. అతను తిరిగి వచ్చాక సగం యంత్రాలను మాత్రమే కొత్త పద్ధతిలో అమర్చాడు. మిగతా సగాన్ని ముట్టుకోలేదు. ఒకే రాశి పత్తిని రెండు వైపులా ఆడించి, గింజల నమూనాలు తీసి, మిగిలిన దూదిని తూచారు. సర్టిఫికెట్ చూసి తృప్తిపడకుండా తక్కెడను అడిగారు. తేడా కనిపించాకే రెండో ఫిట్టరుకు టికెట్టు కొన్నారు.

పెద్ద పరిశోధకులు చేసిందీ ఇంచుమించు ఇదే. బెంగళూరులోని బట్టల ఫ్యాక్టరీల్లో అచ్యుత అధ్వర్యు బృందం మహిళా కార్మికులకు మాట తీరు, సమయపాలన, సమస్యలను పరిష్కరించుకోవడం లాంటివి నేర్పించి చూసింది. ఎవరికి నేర్పాలన్నది లాటరీ తీసి, పేరు రానివాళ్లతో పోల్చారు. కంపెనీ పెట్టిన ఖర్చు పోను కొద్ది నెలల్లోనే సుమారు 250 శాతం లాభం తేలింది. కాబట్టి కరపత్రంలో మెత్తగా కనిపించే పాఠమల్లా దండగ కాదు. పాఠం ఏదైనా సరే, నేర్చినవాళ్లనూ నేర్వనివాళ్లనూ పక్కపక్కన పెట్టి చూస్తేనే దాని విలువ తేలుతుంది.

ఈ మిల్లు వద్దనుకున్న శిక్షణ కూడా ఒకటుంది. పత్తిలో తేమ కొలవడం. పత్తి కార్పొరేషన్ మద్దతు ధర 8 శాతం తేమకు లెక్క, 12 శాతం దాటితే కొనదు. తడి పత్తి జిన్నులో సరిగా ఆడదు, దూది రంగు మారుతుంది. గేటు దగ్గరి కుర్రాడికి మీటరు వాడటం పూటలో వచ్చేస్తుంది. కానీ సీజను మధ్యలో తడి ట్రాక్టరును వెనక్కి పంపే అధికారం అతనికి లేదు. ‘‘నేర్పించి ఏం లాభమండీ? వాడు 15 అని రాస్తాడు, మేం దించుకుంటాం’’ అన్నారు మేనేజరుగారు నవ్వుతూ. అక్కడ కావలసింది పాఠం కాదు, యజమాని నిర్ణయం.

పత్తిలో చెత్త ఏరే ఆడవాళ్ల విషయంలో ఖర్చే లేని పని చేశారు. సంచుల నుంచి రాలే ప్లాస్టిక్ పోగు నూలులో కలిసిపోతే బట్టకు అక్కడ రంగు పట్టదు. రంగు వేశాక తెల్ల చార తేలిన గుడ్డముక్కను వాళ్ల చేతికిచ్చారు, అంతే. ‘‘ఈ కాస్త పోగుకే ఇంత బట్ట పోద్దా అయ్యా?’’ అని ఒకామె దాన్ని తిప్పి తిప్పి చూసిందట. గంటసేపు ఉపన్యాసం చెప్పినా అంత పట్టేది కాదు.

అక్కణ్నుంచి యడ్లపాడు దాటాక ఒక మిర్చి యూనిట్‌కు వెళ్లాను.  ఐరోపాకు వెళ్లే మిరపకాయలో అఫ్లాటాక్సిన్ మొత్తం కిలోకు 10 మైక్రోగ్రాములు మించకూడదు. అందులో బి1 రకం 5 దాటకూడదు. సరిగా ఆరని కాయకు పట్టే బూజు నుంచే ఆ విషం పుడుతుంది. బూజు కాయను గుర్తుపట్టడం ఇక్కడి ఆడవాళ్లకు నేర్పారు. అయినా బూజు కాయలు బస్తాల్లోకి వెళ్తూనే ఉన్నాయి. కారణం కూలి లెక్కలో ఉంది. తొడిమ తీసినదానికి కిలోల చొప్పున ఇస్తారు. కాయను పగలగొట్టి చూస్తూ కూర్చుంటే సాయంత్రానికి చేతికొచ్చేది తగ్గుతుంది. పాఠం ఒకటి చెబుతోంది, కూలి ఇంకోటి చెబుతోంది. పొయ్యి మీద కుండ ఉన్న మనిషి ఏది వింటుందో వేరే చెప్పాలా?

ఇక యజమానులందరి నోటా వినిపించే భయం, నేర్చినవాడు పక్క మిల్లుకు పోతాడని. జిన్నింగ్ మిల్లులో దానికి మందు వేసవిలో వేస్తున్నారు. సీజను ముగిశాక యంత్రాలు విప్పడం, రోలర్లు మార్చడం ఆ ఫిట్టరుకే అప్పగించి పన్నెండు నెలలూ జీతమిస్తున్నారు. రాకపోకల ఖర్చుతోపాటు ఈ జీతాన్నీ శిక్షణ పద్దులోనే రాస్తారు. అది సరైన లెక్క. నేర్పడానికి డబ్బు పెట్టి, నేర్చినదాన్ని వాడే పనిముట్టుకూ అధికారానికీ కూలికీ పెట్టకపోతే మొదటి డబ్బూ పోయినట్టే.

అందుకే కొత్త శిక్షణ సంస్థ ప్రతినిధి ఎవరొచ్చినా మేనేజరుగారు ఫీజు సంగతి చివరికి వదిలేసి, ముందు ఒక్కటే అడుగుతారు: ‘‘మీ పాఠం పనిచేసిందో లేదో తెలియాలంటే మూడు నెలల తర్వాత మా షెడ్డులో ఏం తూచాలి?’’ జవాబు ఉన్నవాళ్లతోనే బేరం మొదలవుతుంది.