అలసిన తరువాత వచ్చే మైలు

వికారాబాదు నుండి తాండూరుకు రోడ్డు మీద సుమారు 40 కిలోమీటర్లు. బస్సులో నిలబడి వెళ్లినప్పుడే ఆ దారి తరుగదనిపిస్తుంది. 1896లో ఏథెన్సు పట్టణములో మొట్టమొదటి ఒలింపిక్ మారథాను పందెము జరిగినప్పుడు పరుగెత్తిన దూరము ఇంచుమించు అంతే. నీళ్లు మోసి బ్రతికే స్పిరిడాన్ లూయిస్ అనే గ్రీకు యువకుడు దానిని 2 గంటల 58 నిమిషముల 50 సెకండ్లలో ముగించాడు. ఇప్పటి కొలత 42.195 కిలోమీటర్లు, అనగా 26 మైళ్ల 385 గజములు. అది 1908 లండను ఒలింపిక్సులో మొదలై 1921లో స్థిరపడింది. పౌలు పందెపు పరుగును గూర్చి కొరింథీయులకు వ్రాశాడు గనుక ఆయన మారథాను చూచి ఉంటాడని కొందరు చెప్పగా మేము విన్నాము. ఆ కాలపు గ్రీకు ఆటలలో మారథాను పందెమే లేదు.

మేము ఈ సంగతులన్నీ తెలిసికొనుటకు కారణము మా సంఘములోని ఒక యౌవనస్థుడు. తండ్రి తాండూరు దగ్గర నాపరాతి గనిలో కూలి. కుమారుడు డిగ్రీ వరకు చదివి, కానిస్టేబులు ఉద్యోగము మీద ఆశ పెట్టుకున్నాడు. 2022 నియామకాలలో మగపిల్లలు 1600 మీటర్లు 7 నిమిషముల 15 సెకండ్లలో పరుగెత్తాలి. మైలుకు 9 మీటర్లే తక్కువ. కోచింగుకు, బూట్లకు తల్లి రెండు మేకలను అమ్మింది. పిల్లవాడు మొదటి చుట్టు అందరికంటె ముందు, 1 నిమిషము 20 సెకండ్లలో తిరిగాడు. రెండవది 1 నిమిషము 45, మూడవది 2 నిమిషముల 6. నాలుగవ చుట్టులో సగము నడకే. మొత్తము 7 నిమిషముల 31 సెకండ్లు. 16 సెకండ్ల కొరకు సంవత్సరపు శ్రమ పోయింది. ఆ ఆదివారము తల్లి మందిరములో వెనుక వరుసలోనే కూర్చుండిపోయింది.

కొన్ని నెలల తరువాత ఆ పిల్లవాడే మమ్మును అడిగాడు: "అయ్యగారూ, గంత దూరం ఉరికేటోళ్లు అన్నిటికన్న జోరుగ ఉరికేది ఏ మైలు? మొదటిదేనా?"

మంచి ప్రశ్న. మేమును మొదటిదే అనుకుంటాము, కాళ్లలో బలము అప్పుడే గదా ఉండేది! అమెరికాలోని బోస్టను మారథానులో అది కొంతవరకు నిజమే. అక్కడ పందెము హాప్కింటన్ అనే ఊరిలో మొదలై, మొదటి మైలంతా పల్లమునకు దిగుతుంది. మన అనంతగిరి ఘాటు దిగేటప్పుడు సైకిలు తొక్కనవసరము లేనట్లే, అక్కడ కాళ్లు వాటంతట అవే పోతాయి. అయితే అదే బోస్టనులో 2017లో కెన్యా దేశస్థుడైన జెఫ్రీ కిరుయి, గేలెన్ రప్ అనే అమెరికా వానిని విడిచి ముందుకు దూకినది 24వ మైలులో. 23 మైళ్లు పరుగెత్తి, కొండలన్నీ ఎక్కి దిగిన తరువాత ఆ ఒక్క మైలును 4 నిమిషముల 28 సెకండ్లలో ముగించాడు. అక్కడ కూడా రోడ్డు కొంచెము పల్లమేనని ఒప్పుకోవాలి.

అందుచేత చదునైన దారిని చూడాలి. 2023 అక్టోబరు 8న షికాగోలో కెల్విన్ కిప్టుమ్ 2 గంటల 35 సెకండ్లలో ముగించి ప్రపంచ రికార్డు నెలకొల్పాడు. చిన్నతనములో పశువులు కాసిన కెన్యా పల్లెటూరి వాడు, వయస్సు 23. మొదటి సగము 60 నిమిషముల 48 సెకండ్లు, రెండవ సగము 59 నిమిషముల 47 సెకండ్లు. రెండవ సగమే వేగము! 30వ కిలోమీటరు నుండి 35వ దాని వరకు 13 నిమిషముల 51 సెకండ్లు పట్టింది. లెక్క కడితే మైలుకు 4 నిమిషముల 27 సెకండ్ల పైచిలుకు. మామూలువాడు కూలబడిపోయే చోటు అది.

మేము ఆ పిల్లవానిని కాగితము, పెన్ను తెమ్మని, మొత్తము పందెమునకు సగటు కూడా కట్టించాము. మైలుకు 4 నిమిషముల 36 సెకండ్లు వచ్చింది. అంటే అంత గొప్ప పరుగులో ఆ వేగమైన మైళ్లకు, సగటు మైలుకు మధ్య తేడా ఎనిమిది తొమ్మిది సెకండ్లే. ఈ పిల్లవాడు తన మొదటి చుట్టుకు, చివరి చుట్టుకు మధ్యనే పూర్తిగా ఒక నిమిషము తేడా తెచ్చుకున్నాడు. కాగితము చూచి చాలాసేపు మాట్లాడలేదు.

కిప్టుమ్ మరుసటి సంవత్సరము, 2024 ఫిబ్రవరి 11న, తన శిక్షకునితో కూడ కారు ప్రమాదములో మరణించాడు. 24 ఏండ్లు. మళ్లీ ఒక్క మారథాను కూడా పరుగెత్తలేదు. ఈ వార్త పిల్లవానికి చెప్పుటకు మాకే మనస్సు రాలేదు. అయినా వాడు సెల్‌ఫోనులో చూచి ముందే తెలుసుకున్నాడు.

అవన్నీ దూరదేశపు సంగతులని ఎవరైనా అంటే, మన శివనాథ్ సింగ్ ఉన్నాడు. 1978లో జలంధరులో 2 గంటల 12 నిమిషములలో మారథాను ముగించాడు. చెప్పులు లేని కాళ్లతో పరుగెత్తుటకు పేరు పొందినవాడు. మైలుకు సగటున 5 నిమిషముల 2 సెకండ్లు. ఆ జాతీయ రికార్డు నలభై ఏండ్లకు పైగా నిలిచింది. మేకలు అమ్మి బూట్లు కొన్న ఇంటివారికి ఈ సంగతి చెప్పాలా వద్దా అని మేము కొంత తటపటాయించాము.

లెక్క ప్రకారము 7 నిమిషముల 15 సెకండ్లంటే చుట్టుకు 1 నిమిషము 48 సెకండ్లు. మొదటి రోజులలో ఈ లెక్క వానికి గిట్టలేదు. మిగిలిన పిల్లలు ముందుకు పోతుంటే వెనుక ఉండుట అవమానముగా తోచింది, పైగా వారు ఎగతాళి చేశారు కూడా. తండ్రి పనికి పోకముందే తెల్లవారుజామున లేచి, సున్నముతో గీసిన చుట్టు ప్రక్కన సెల్‌ఫోను పట్టుకొని నిలబడేవాడు. వయస్సు పరిమితికి ఇంకెన్ని నెలలున్నవో తల్లి లెక్క పెట్టుకుంటున్నది.

మొన్న మేము తాండూరు వెళ్లినప్పుడు తండ్రి తన చిన్న పుస్తకము తీసి చూపించాడు. 1 నిమిషము 48. 1 నిమిషము 48. 1 నిమిషము 47. నాలుగవ చుట్టు 1 నిమిషము 43. ఆయనకు చదువు రాదు, అంకెలు మాత్రము వచ్చు. నాలుగవ దాని క్రింద రెండు గీతలు గీసి ఉన్నాడు.