పిడికెడు బియ్యం లెక్క

ఆదివారం ఆరాధన ముగిసి గుడి మెట్ల దగ్గర చెప్పులు వెతుక్కుంటుంటే ఎవరో ఒకరు అంటూనే ఉంటారు: "మీకేమమ్మా, పిల్లల్ని ఇంట్లోనే చదివించుకుంటున్నారు, ఫీజుల బాధ లేదు." నవ్వి, వందనాలు చెప్పి వచ్చేస్తాను. మొదటి రెండేళ్లు నేనూ ఆ మాట నమ్మాను. చెప్పుకోవడానికి సిగ్గే, ఎందుకంటే అంతకుముందు నేను చేసింది అకౌంట్స్ ఉద్యోగం.

2020 లాక్‌డౌన్ నాటికి మా పాపకు ఏడేళ్లు, బాబుకు ఐదు. ఆన్‌లైన్ క్లాసులో పాపకు పాఠం కన్నా మ్యూట్ నొక్కడం బాగా వచ్చింది. అదే పాఠం సాయంత్రం నేను పక్కన కూర్చుని చెబితే అరగంటలో పట్టేసేది. పొద్దున్నే కుటుంబ ప్రార్థన చేసుకుని, పరుగులు లేకుండా పుస్తకం తెరిచే ఆ రోజులు మాకు నచ్చాయి. బడులు తెరిచినా ఇలాగే సాగిద్దామని మా ఆయనా నేనూ ప్రార్థన చేసి నిర్ణయించుకున్నాం. ప్రార్థన చేశాం గానీ లెక్క వేయలేదు. గోపురం కట్టాలనుకున్నవాడు ముందు కూర్చుని ఖర్చు చూసుకోవాలన్న సువార్త పాఠం సండే స్కూల్లో చెప్పేది నేనే మరి!

మాకు కనబడింది ఒకే అంకె. ఇద్దరికీ ఫీజు, వ్యాను, యూనిఫాం, పుస్తకాలు కలిపి ఏడాదికి 1,26,000. అది మిగులుతుంది కదా అనుకున్నాం.

ఆగస్టులో రాజీనామా ఇచ్చేశాను. ఆ కంపెనీలో నేను చేరింది 2016 జూన్‌లో. గ్రాట్యుటీ రావాలంటే ఐదేళ్లు నిండాలి. ఇంకో పది నెలలు ఓపిక పట్టి ఉంటే, 15,000 బేసిక్ మీద 43,000 చేతికొచ్చేది. ఎందరివో ఫైనల్ సెటిల్‌మెంట్లు వేసిన దాన్ని, నాది వేసుకోలేదు. రెండు నెలలు ఆగి పీఎఫ్ మొత్తం తీసేశాను: 1,30,000. ఐదేళ్లు నిండకుండా తీశాను కాబట్టి పది శాతం, అంటే 13,000 టీడీఎస్ పట్టుకున్నారు. రిటర్ను వేసి ఆ 13,000 రాబట్టుకున్నాను. ఖర్చయిపోయిన పీఎఫ్‌ను మాత్రం ఏ రిటర్నూ తెచ్చివ్వదు.

ఎక్కువ భాగం దేనికి ఖర్చయింది? సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్‌కు 22,000. అమెరికా నుంచి తెప్పించిన క్రైస్తవ పాఠ్యపుస్తకాల పెట్టెకు కొరియరు, కస్టమ్స్‌తో కలిపి 47,500. బొమ్మలు ముద్దొచ్చేవి. పాప డైములు, క్వార్టర్లు గడగడా లెక్కపెట్టేది. బండి దగ్గర పావుకిలో బెండకాయలకు ఎంతివ్వాలంటే తెల్లముఖం వేసేది. ఏడాది తిరక్కుండానే ఆ పెట్టెను ఇంకో కుటుంబానికి 15,000కు ఇచ్చేశాను.

ఆ పుస్తకాల్లో డాలరు ఒక్కటే కాదు, మాకు అతకనిది ఇంకోటి ఉంది. అక్కడి క్రైస్తవ కుటుంబాలు పిల్లల్ని బడి నుంచి ఇంటికి తెచ్చుకోవడానికి వాళ్ల కారణాలు వాళ్లకున్నాయి. మాకు మాత్రం బడిని తెచ్చిందే గుడి. 1842లో మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరు వచ్చి మొదలుపెట్టిన లూథరన్ మిషన్ బడులు కూడా పెట్టి ఉండకపోతే, మిరప చేలకు కూలికెళ్లే ఇంట్లో పుట్టిన మా అమ్మమ్మ పలక పట్టేదే కాదు. బోర్డింగులో ఉండి చదివి, ట్రైనింగ్ అయి, ఎయిడెడ్ బడిలో పంతులమ్మగా రిటైరైంది.

నేను ఉద్యోగం మానానని తెలిసి ఆవిడ ఒకే ప్రశ్న వేసింది. "చదువు నువ్వు చెప్పుకోగలవు, దానికి నాకు దిగుల్లేదు. ముసలిదానివయ్యాక నీకు పెన్షన్ ఎవరిస్తారే?" తన మందులు, మనవలకు క్రిస్మస్ బట్టలు, గుడికి కానుక, అన్నీ తన పెన్షన్‌లోంచే. చివరిదాకా ఎవరి ముందూ చెయ్యి చాచలేదు.

2022లో అమ్మమ్మ పోయింది. ఆ డిసెంబరులో కాగితం తీసి అసలు లెక్క రాశాను. ఎస్‌సీఈఆర్‌టీ, ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు 1,600, లెక్కల మాస్టారికి 18,000, షటిల్ కోచింగ్ 12,000, నెట్ 8,400. మొత్తం 40,000. బడి ఖర్చులో మిగిలింది 86,000. వదులుకున్న నా జీతం నెలకు 24,000 చొప్పున 2,88,000. ఆ మిగులునూ, ఉద్యోగానికయ్యే ఆటో, టిఫిను ఖర్చు 24,000నూ తగ్గించినా, ఇంటి చదువుకు మేం కడుతున్న ఫీజు ఏడాదికి 1,78,000. రసీదు రాదు కాబట్టి ఎవరికీ కనబడదు.

అమ్మమ్మ వంటింట్లో బియ్యం డబ్బా పక్కన చిన్న కుండ ఉండేది. ఎసట్లో పోయకముందే పిడికెడు బియ్యం తీసి అందులో వేసేది. ఆదివారం అవి గుడికి. మా దశమ భాగమూ అంతే, జీతం రాగానే ముందు అదే పక్కన పెడతాం. నా జీతం ఆగిన నెలలో కానుక కవరు 2,400 పలచబడింది, అది ఇద్దరికీ వెంటనే తెలిసింది. నా పీఎఫ్ ఆగిన సంగతి మాత్రం రెండేళ్లు ఇద్దరికీ తట్టలేదు. దానికంటూ ఒక కుండ లేదు మరి.

మేం కడుతున్న చీటీ వాయిదాలు పూర్తవగానే ఆ డబ్బును మళ్లించి, 2023 జనవరిలో నా పేరున పీపీఎఫ్ తెరిచాం. నెలకు 3,000. ఐదో తేదీలోపు వేస్తేనే ఆ నెల వడ్డీ కలుస్తుంది కాబట్టి నాలుగో తేదీ దాటనివ్వను. ఇప్పటి 7.1 శాతం వడ్డీ ఇలాగే ఉంటే పదిహేనేళ్లకు తొమ్మిది లక్షలు దాటుతుంది. బడి ట్యూషన్ ఫీజు మీద మా ఆయనకు పాత పన్ను విధానంలో వచ్చే మినహాయింపు ఇంటి చదువుకు రాదు. భార్య పీపీఎఫ్‌లో వేస్తే వస్తుంది.

"ఇల్లంతా నీదే కదా, మళ్లీ నీ పేరున విడిగా ఎందుకు?" అన్నారు మా ఆయన.

"మీ పీఎఫ్ కూడా ఇంటిదే కదండీ. మీ పేరునే ఉందిగా!" అన్నాను. ఆయన ఇంకేం అనలేదు.

ఇప్పుడు రాత్రిళ్లు మిర్చి యార్డు దగ్గరి రెండు కొట్లకు జీఎస్టీ రిటర్నులు వేస్తున్నాను, నెలకు 5,000 వస్తుంది. ముందు 500 కానుక, మిగతాది అత్యవసర నిధికి. పాపకు పదమూడు, పద్నాలుగు నిండాక ఎన్‌ఐఓఎస్ ఓపెన్ స్కూల్లో పదో తరగతికి కట్టిస్తాం. ఇంట్లో చదువు మొదలుపెడతామని ఎవరైనా అడిగితే సిలబస్ తర్వాత చెబుతాను. ముందు, అమ్మ ఉద్యోగంలో ఐదేళ్లు నిండాయా అని అడుగుతాను.

బాబు వచ్చే జూన్ నుంచి బడికెళ్తానంటున్నాడు, క్రికెట్ టీము కోసమట. వెళ్లనీ, బడితో మాకేం పగ! మొన్న ఆ ఫీజుకు డబ్బు ఎక్కణ్ణుంచి తీయాలా అని బడ్జెట్ పుస్తకంలో ఒక్కో పద్దూ వెతికాం. నా 3,000 దగ్గరికి వచ్చేసరికి మా ఆయన పెన్ను ఆగింది. దాని పక్కన "పిడికెడు బియ్యం" అని రాసి, కింది పద్దుకు వెళ్లారు.