గోదావరికి ఈ ఒడ్డూ ఆ ఒడ్డూ

కచేరీలో మొదట వచ్చేవాడి కష్టం మొదట వచ్చేవాడికే తెలియాలి. జనం వచ్చింది అతని కోసం కాదు. వాళ్ళింకా కుర్చీలు సర్దుకుంటూ ఉంటారు, పిల్లలకు పల్లీలు కొనిపెడుతూ ఉంటారు, వెనుక వరుసలోని బావగారిని ముందుకు రమ్మని చేతులూపుతూ ఉంటారు. ఆ గలాభాలో అతను పాడాలి. బాగా పాడితే "త్వరగా ముగిస్తే బాగుండును" అనుకుంటారు. బాగా పాడకపోతే ఆ మాటే కాస్త గట్టిగా అంటారు.

ఇది మన ఊళ్ళకే పరిమితమైన వింత కాదు. 1967 జూన్‌లో, అమెరికాలోని మాంటెరేలో, జిమీ హెండ్రిక్స్ అనే గిటారు విద్వాంసుడు వాయించి వాయించి చివరకు ఆ గిటారుకే నిప్పంటిస్తే జనం వెర్రెత్తిపోయారు. మరుసటి నెలలో అతన్ని మంకీస్ అనే బృందం కచేరీలకు ముందు వాయించడానికి కుదుర్చుకొన్నారు. అక్కడికి వచ్చినవాళ్ళలో ఎక్కువమంది చిన్న వయసు ఆడపిల్లలు. ఇతను వాయిస్తూ ఉండగానే వాళ్ళు తమ అభిమాన గాయకుడు డేవీ పేరు పెట్టి కేకలు వేశారు. కొద్ది కచేరీలకే హెండ్రిక్స్ తప్పుకొన్నాడు. 1973లో జమైకా ద్వీపం నుంచి బాబ్ మార్లీ బృందం 'రెగె' సంగీతం పట్టుకొని అమెరికా వచ్చింది. ఆ సంగీతంలో దెబ్బ తాళం మీద పడదు, పక్కన పడుతుంది. స్లై అండ్ ద ఫ్యామిలీ స్టోన్ అనే పెద్ద బృందం కచేరీలకు ముందు వీళ్ళను పాడమన్నారు. కొద్ది ప్రదర్శనలకే తప్పించారు. రెండేళ్ళు తిరగకుండా, 1975 జూలైలో, లండన్‌లోని లైసియం హాలులో అదే మార్లీతో జనమంతా గొంతు కలిపి పాడారు. మనిషి ఆ మనిషే. వినడానికి వచ్చినవాళ్ళు వేరు.

మన పెద్దలకు ఈ చిక్కు తెలియనిది కాదు. భరతముని నాట్యశాస్త్రంలో ఐదవ అధ్యాయమంతా పూర్వరంగం గురించే. వాద్యాలను చోటు చూసి అమర్చడం, గాయకులు కూర్చోవడం, శ్రుతులు సరిచూసుకోవడం మొదలుగా తొమ్మిది అంగాలు తెర వెనుకనే జరిగిపోవాలన్నాడు. ఆ తరువాతనే తెర ముందుకు రావడం. మా కరీంనగర్ పల్లెల్లో భరతుడి పేరు వినని ఒగ్గు కళాకారులు కూడా ఈ కిటుకు ఎరుగుదురు. ఒగ్గుకథకు ఎంతో పేరు తెచ్చిన మిద్దె రాములు గారి ఊరు హన్మాజీపేట వేములవాడకు దగ్గరలోనే ఉంది. ఆ చుట్టుపక్కల మల్లన్న కథ చెప్పే రాత్రి, కథకు ముందు చాలాసేపు డోలు మోగుతుంది. ఊరంతా బువ్వ తిని, పసులకు గడ్డి వేసి, చాపలు చంకన పెట్టుకొని రావడానికి అది పిలుపు. ఆ మోత విని విసుక్కున్నవాణ్ణి నేను చూడలేదు. అది ఎవరి డోలో, ఏ దేవుడి డోలో వాళ్ళకు తెలుసు.

తెలియనప్పుడు ఏమవుతుందో కిందటి శీతకాలంలో కరీంనగర్‌లోనే చూశాను. ఒక మైదానంలో సినిమా పాటల కచేరీ. హైదరాబాదు నుంచి గాయనీ గాయకులు వస్తున్నారన్నారు. వాళ్ళు రావడానికి ముందు గుస్సాడీ బృందాన్ని రంగం మీదికి పిలిచారు. "అసలు ప్రోగ్రాం మొదలయ్యేలోపు పది నిమిషాలు మన ఆదివాసీ సోదరుల సందడి!" అని ప్రకటించారు.

గుస్సాడీని చూడనివారి కోసం చెబుతాను. తల మీద నెమలి ఈకలతో కట్టిన పెద్ద కిరీటం, మెడలో పూసల పేర్లు, ఒంటికి బూడిద, భుజం మీద జంతుచర్మం, కాళ్ళకు గజ్జెలు, చేతిలో కర్ర. వెనుక డప్పు, తుడుము, సన్నాయివంటి పేప్రే. వాళ్ళు అడుగు వేస్తే కిరీటం మొత్తం ఒక్కసారి ఊగుతుంది.

మొదట ఈలలు మోగాయి. తరువాత కుర్రవాళ్ళు సినిమా పాటకు కొట్టినట్టు చప్పట్లు మొదలుపెట్టారు. తుడుము వాళ్ళకు లొంగలేదు; చప్పట్లు ఒకచోట, దెబ్బ మరొకచోట పడ్డాయి. నాలుగు చరుపుల తరువాత అవి వాటంతట అవే చెదిరిపోయాయి. నా ముందు వరుసలోని పెద్దమనిషి గడియారం చూసుకొన్నాడు. ఒక చిన్నపిల్ల తల్లి చెంగు పట్టుకొని "అమ్మా, అవి నిజం నెమలివేనా?" అని అడిగింది. సెల్‌ఫోన్లు మాత్రం వందల సంఖ్యలో లేచాయి. పక్కనే కూర్చున్న ఒక ముసలమ్మ చేతులు జోడించి "ఏ దేవుడో ఏమో బిడ్డా, మొక్కితే పోయేదేమున్నది" అన్నది. పదో నిమిషం నిండకుండానే వెనుకనుంచి కోరిన పాట పేరు పెట్టి కేకలు లేచాయి. బృందం దిగిపోయింది.

అప్పుడు వెనక్కు తిరిగి చూస్తే, మా కళాశాలలో బి.ఏ. చదివే కుర్రవాడొకడు నిలబడి ఉన్నాడు. చెప్పులు విడిచి పక్కన పెట్టాడు. చుట్టూ ఉన్న స్నేహితులు నవ్వుతున్నారు. అతనిది జైనూరు వైపు ఒక గోండు గూడెం. కచేరీ అయ్యాక టీ దుకాణం దగ్గర కలిశాడు.

"గిది దీపావళికి కట్టేది సార్. ఇప్పుడు కట్టేది కాదు," అన్నాడు.

"మరి చెప్పులెందుకు విడిచావోయ్?"

"ఆ గజ్జెలు వినబడ్డంక చెప్పులు ఉంచుకునుడు రాదు సార్." కాసేపాగి, "ఈసారి నన్ను కట్టమంటుండ్రు. కడితే మొక్కు దిగేదాక స్నానం చెయ్యొద్దు. హాస్టల్ల తెలిస్తే ఇంక నవ్వుడే," అన్నాడు. కడతానని అనలేదు, కట్టనని అనలేదు. "దీపావళికి మా ఊరికి రాండ్రి సార్," అని మాత్రం అన్నాడు.

అట్లా బయలుదేరింది నా ప్రయాణం.

జగిత్యాల, ధర్మపురి దాటి రాయపట్నం వంతెన ఎక్కితే కింద గోదావరి. ఈ ఒడ్డున నరసింహస్వామి క్షేత్రం. ఆ ఒడ్డు ఒకప్పటి ఆదిలాబాదు జిల్లా. 2016 అక్టోబరులో జిల్లాలను విడగొట్టినప్పుడు పాత ఆదిలాబాదు నాలుగు జిల్లాలయింది. కాగితం మీద గీతలు మారినా, వంతెన దాటగానే గాలిలో టేకాకు వాసన తగలడం మారలేదు.

దారి మళ్ళి దండేపల్లి మండలంలోని గుడిరేవుకు వెళ్ళాను. అక్కడ గోదావరి ఒడ్డున పద్మల్‌పురి కాకో గుడి ఉంది. 'కాకో' అంటే అమ్మమ్మ అని చెప్పారు. దండారీ రోజుల్లో ఎన్నో గూడేల బృందాలు అక్కడికి వచ్చి మొక్కుతాయి. నేను వెళ్ళేసరికి నాలుగైదు బృందాలు ఒకేసారి వాయిస్తున్నాయి. ముందెవరు, తరువాతెవరు అన్న పేచీ లేదు. కుర్చీలు లేవు. వచ్చినవాళ్ళంతా ఏదో ఒకటి మోస్తున్నారు, వాయిస్తున్నారు, వండుతున్నారు. ఊరికే చూస్తూ నిలబడ్డవాణ్ణి బహుశా నేనొక్కణ్ణే. ఒక తల్లి జ్వరంతో ఉన్న బిడ్డను ఎత్తుకొని గుస్సాడీ ముందు నిలబడింది. అతను కర్రతో బిడ్డను మెల్లగా తాకాడు. కరీంనగర్‌లో అదే కర్రను పట్టుకొని ఫొటో దిగుతామని కుర్రవాళ్ళు బతిమాలడం నాకు గుర్తుకు వచ్చింది.

జన్నారం అడవి దాటి, ఉట్నూరు మీదుగా జైనూరు చేరుకొన్నాను. దగ్గరలోనే మార్లవాయి. 1940వ దశకంలో హైమన్‌డార్ఫ్ దంపతులు మకాం పెట్టిన ఊరు ఇదే. 1940లో జోడేఘాట్‌లో కుమురం భీము నేలకొరిగిన తరువాత, గోండుల బాధలేమిటో తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం ఆ మానవశాస్త్రవేత్తను నియోగించింది. గోండు ఉపాధ్యాయులను తయారు చేసే శిక్షణ కేంద్రం 1943లో ఇక్కడే వెలిసింది. హైమన్‌డార్ఫ్ గారి భార్య ఎలిజబెత్ సమాధి కూడా ఇక్కడే ఉంది. గుస్సాడీ నాట్యానికి 2021లో పద్మశ్రీ అందుకొన్న కనకరాజు గారిదీ ఈ ఊరే. ఎందరో యువకులకు అడుగులు నేర్పిన ఆయన 2024 అక్టోబరులో కన్నుమూశారు.

మా విద్యార్థి గూడెం చేరేసరికి పొద్దు వాలుతున్నది. ఆ రాత్రికి మరో ఊరి దండారీ అతిథిగా వస్తుందట. ఒక ఊరి బృందం మరో ఊరికి విడిది వెళ్ళడం, ఆ ఊరివాళ్ళు అన్నం పెట్టి ఆదరించడం ఈ పండుగ పద్ధతి. ఇట్లాంటి రాకపోకల్లోనే పెళ్ళి సంబంధాలు కూడా కుదురుతాయి. అంతవరకు పొద్దు పోవడానికి పిల్లలు ఒక సౌండు పెట్టె తెచ్చి సినిమా పాటలు పెట్టారు. కరీంనగర్‌లో ఏ పాట కోసం జనం గొంతులు చించుకొన్నారో, ఆ పాటే వచ్చింది. ఎవరూ విసుక్కోలేదు, ఎవరూ విననూ లేదు. ఆడవాళ్ళు పిండి కలుపుకొంటున్నారు, ముసలివాళ్ళు చుట్టలు ముట్టించుకొంటున్నారు.

ఇంతలో అడవి వైపునుంచి తుడుము వినబడింది. పెట్టె దగ్గర ఉన్న పదేళ్ళ పిల్లవాడు ఎవరూ చెప్పకుండానే పాట ఆపేశాడు.

గూడెం పెద్ద ఒకాయన నా పక్కన కూర్చున్నాడు. పట్నాలకు బృందాలను పంపడం గురించి అడిగాను. "పోతం సార్. డబ్బులిస్తరు, పిల్లల సదువుకు అక్కరకొస్తయి. మేం సుత బయటి దునియ సూడాలె గద," అన్నాడు. "నవ్వితే బాధగా ఉండదా?" అన్నాను. ఆయన చుట్ట పక్కన పెట్టి, "అక్కడికి కిరీటం వస్తది సార్. ఏత్మసూర్ దేవుడు రాడు. దేవుడు రాని కాడ నవ్వితే దేవునికేం నొప్పి? కట్టిన పోరనికి నొప్పి. గది మాత్రం ఉంటది," అన్నాడు. ఆయన తేల్చి చెప్పింది అంతే. వెళ్ళాలో వద్దో ఆ గూడెం ఏటేటా కూర్చొని మాట్లాడుకొంటుందట. ఏ ఏడూ మాట ఒకటి కాదట.

అతిథి బృందాన్ని ఎదుర్కోవడానికి ఊరి గుస్సాడీలు వరుసకట్టారు. బూడిద పూసిన ముఖాలు అన్నీ ఒకేలా ఉన్నాయి. మూడవవాడి నడక చూసి ఎక్కడో ఎరిగినట్టు అనిపించింది. పెద్దాయన నా చూపు పట్టుకొని, "మీ దగ్గర సదివేటోడే. కానీ ఈ నాలుగు దినాలు మీ పోరడు కాదు," అన్నాడు.

అతను నన్ను చూశాడు. నమస్కారం పెట్టలేదు; పెట్టకూడదు కాబోలు. వరుసలోని ఆడవాళ్ళు, ముసలివాళ్ళు ఒక్కొక్కరే వంగి మొక్కుతున్నారు. నా ముందుకు వచ్చినప్పుడు నేనూ చెప్పులు విడిచి వంగాను. ఇరవై ఏళ్ళుగా పాఠాలు చెబుతున్నాను. శిష్యుడి పాదాల దగ్గర తల వంచడం అదే మొదలు. నాకేమీ ఇబ్బంది అనిపించలేదు. గజ్జెలు ముందుకు సాగిపోయాయి.

దీపావళి తరువాత కోలబోడి అనే తంతుతో మొక్కు దిగుతుంది. కిరీటాలు విప్పి, స్నానం చేసి, ఎవరి పనికి వాళ్ళు పోతారు. ఆ సోమవారం అతను తరగతిలో తన చోటులోనే కూర్చున్నాడు. చెవి వెనుక కాస్త బూడిద మిగిలే ఉంది. పక్కవాళ్ళు గుసగుసలాడారు, అతను తుడుచుకోలేదు.

పాఠకులు వెళ్ళదలిస్తే దీపావళికి ముందు వారం పదిరోజులు మంచి అదను. ఉట్నూరు దాకా బస్సులున్నాయి. ఎవరినీ ఆడి చూపమని అడగవద్దు. గూడెంలో ఒక వేపచెట్టు కింద కూర్చొని, పెట్టింది తిని, చీకటి పడేదాకా ఓపిక పట్టండి. బృందం ఎప్పుడు వస్తుందో అప్పుడే వస్తుంది. అంతదాకా సౌండు పెట్టెలో మీకు తెలిసిన పాటలే వినిపించవచ్చు. అవి పూర్వరంగమని గ్రహించండి.