రాగిచుట్టయే కొలమానము

ప్రాసెసరునకు ఒక వోల్టు చుట్టుపట్ల వందలాది ఆంపియర్లనందించు మల్టీఫేజ్ రెగ్యులేటరులో, ఒక్కొక్క ఫేజు మోయు కరెంటునెఱుగుటకు వేఱొక రెసిస్టరును చేర్చి శక్తిని వ్యర్థపఱుపక, ఇండక్టరు రాగిచుట్టలోని సహజ నిరోధమునే కొలమానముగా గైకొనుట నాకెంతయు రమణీయమైన యుక్తిగా దోచును. 0.3 మిల్లీఓముల చుట్టలో 40 ఆంపియర్లు ప్రవహించినను లభించునది 12 మిల్లీవోల్టులే. అదియు రాగి 25 డిగ్రీలనుండి 100 డిగ్రీలకు వేడెక్కినచో దాదాపు 29 శాతము పెరుగును గనుక, చుట్ట చెంతనే థర్మిస్టరు నుంచవలయును. ఇండక్టెన్సును నిరోధముచే భాగింపగా వచ్చు కాలమునకు, 150 నానోహెన్రీలైనచో 500 మైక్రోసెకండ్లకు, ఆ వోల్టేజిని గ్రహించుటకు చుట్టకు సమాంతరముగా కలిపిన ఆర్‌సీ వలయపు కాలము సరిపోలవలయును. అది తక్కువైనచో, లోడు హఠాత్తుగా పెరిగినపుడు కరెంటు ఉన్నదానికంటె హెచ్చుగా గోచరించి, లోడ్‌లైను ననుసరించి కరెంటు పెరిగినకొలది తగ్గు వోల్టేజి అవసరమునకు మించి క్రుంగును. అపుడు కాంపెన్సేషన్ కెపాసిటర్లను మార్చుచు శ్రమించు యువ ఇంజనీర్లారా, బోడ్ ప్లాటులో ఫేజ్ మార్జిను 60 డిగ్రీలున్నను, ముందుగా ఆ ఆర్‌సీని సరిచూడుడు.